అమ్మ మోకాలికి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న: మాది పలాస దగ్గర, మందస వైపు పల్లె. అమ్మకు 62 ఏళ్ళు. ముందు పొలం పని, తర్వాత చాలా ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో కింద కూర్చుని చేసే పని. ఐదారేళ్ళుగా రెండు మోకాళ్ళూ నొప్పే. ఎడమది మరీ ఎక్కువ, కాలు దొడ్డికాలులా వంగింది. షుగరు ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటోంది. గత నెలలో మోకాలికి ఇంజెక్షన్ కూడా చేయించుకుంది. విశాఖలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేద్దాం అన్నారు. శ్రీకాకుళంలో ఇంకో డాక్టరు కొన్నాళ్ళు ఆగొచ్చు అన్నారు. మాఘంలో తమ్ముడి పెళ్ళి. అంతకుముందే చేయించేద్దామని తమ్ముడు, అసలు వద్దని అమ్మ. మా పెద్దమ్మకు ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి పోలేదు, అందుకే అమ్మకు భయం. ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలి? ఎప్పుడు చేయించాలి?
— ఒక కూతురు, గాజువాక

సమాధానం:

అమ్మా, నేను ఫిజియోథెరపిస్టును. అడిగినదానికి ముందు సూటిగా చెబుతాను. పెళ్ళిలోపు వద్దు. రెండు మోకాళ్ళూ ఒకేసారి వద్దు. అలాగని మీ అమ్మగారన్నట్టు అసలు వద్దు అనుకోవడమూ సరి కాదు. మీరు రాసినదాన్ని బట్టి ఎడమ మోకాలికి ఆపరేషన్ అవసరం పడేలాగే ఉంది. పెళ్ళి అయ్యాక, ఇంట్లో సందడి తగ్గాక, దాని ఒక్కదానికీ చేయించే ఆలోచన చేయండి. ఈలోగా చేయాల్సిన పని చాలా ఉంది. అందులో మొదటిది మోకాలి గురించి కాదు, కిడ్నీల గురించి.

మీ ఊరు ఉద్దానంలోది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కుదిపేసిందో నేను మీకు చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అయితే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటే కిడ్నీలు దెబ్బతింటాయన్నది మాత్రం ఎప్పుడో తేలిన విషయం. దానికి షుగరు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఉద్దానంలో పుట్టి పెరిగిన మనిషి, షుగరు ఉన్న మనిషి, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు ఏళ్ళ తరబడి మింగుతోందంటే నాకు మోకాలి మాట కంటే ముందు ఆ మాత్రల మాటే టెన్షన్ పెడుతోంది. ఈ జబ్బు చాలామందిలో కాళ్ళ వాపు, నీరసం లాంటివి ఏవీ లేకుండానే ముదిరిపోతుంది. కాబట్టి ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలు చేయించండి. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌తో పాటు 200 పడకల ఆసుపత్రి కూడా ఉంది, దూరం వెళ్ళక్కర్లేదు. ఫలితం ఎలా వచ్చినా ఆ మాత్రలు మాత్రం ఆపించండి. నొప్పికి పారాసిటమాల్ వాడొచ్చు, మోతాదు డాక్టరును అడిగి. పైపూతగా రాసే జెల్ కూడా చాలామందికి బాగానే పనిచేస్తుంది, పైగా ఒంట్లోకి వెళ్ళే మందు చాలా తక్కువ. క్రియాటినిన్ ఎక్కువ వస్తే ఆ జెల్ కూడా కిడ్నీ డాక్టరును అడిగే రాయండి.

ఆ ఇంజెక్షన్ ఏమిటో కూడా కనుక్కోండి. చీటీ లేకపోతే ఆర్‌ఎంపీని అడిగి పేరు రాయించుకోండి. అది స్టెరాయిడ్ అయితే కొన్ని వారాలు హాయిగా అనిపిస్తుంది, షుగరు మాత్రం కొన్ని రోజులు పైకి పోతుంది. అసలు విషయం ఏమిటంటే, మోకాలి కీలులోకి స్టెరాయిడ్ వేసిన మూడు నెలల్లోపు మార్పిడి ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. గత నెలలో వేయించుకున్నది స్టెరాయిడే అయితే, తమ్ముడి తొందరకు ఇదొక్కటే చాలు ఆగమని చెప్పడానికి. ఆపరేషన్ చేసే డాక్టరుకు ఈ ఇంజెక్షన్ సంగతి తారీఖుతో సహా చెప్పండి. చాలామంది ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళామని చెప్పడానికి మొహమాటపడి దాచేస్తారు. అలా దాచడం ప్రమాదం.

ఇక ఇద్దరు డాక్టర్ల సంగతి. ఇద్దరూ అబద్ధం చెప్పి ఉండరు. ఒకరు ఎక్స్‌రేను చూసి మాట్లాడారు, ఇంకొకరు నడుచుకుంటూ లోపలికి వచ్చిన మనిషిని చూసి మాట్లాడారు అనుకుంటున్నాను. ఎక్స్‌రేలో అరుగుదల చివరిదైన నాలుగో దశలో ఉండి కూడా సంతకు నడిచి వెళ్ళి వచ్చేవాళ్ళున్నారు. రెండో దశకే మంచం దిగలేనివాళ్ళూ ఉన్నారు. ఫిల్మును బట్టి ఆపరేషన్ తేదీ పెట్టకూడదు. పైగా ఆ ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా అని అడగండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఒంటి బరువు కాళ్ళ మీద పడేలా నిలబెట్టి తీసినదే లెక్క. ఇంకో మాట, మోకాలి నొప్పి అనుకునేది కొన్నిసార్లు తుంటి నుంచో, నడుము నుంచో వస్తుంది. తుంటిని తిప్పి చూడకుండా మోకాలికి ఆపరేషన్ రాసేస్తే ఇంకొక డాక్టరుకు చూపించడం మంచిది.

మరి దేన్ని బట్టి తేల్చుకోవాలి? మీ అమ్మగారు ఏ పనులు మానేశారో చూడండి. ఇది మీరు గాజువాక నుంచి ఫోనులో అడిగితే తెలియదు. "బాగానే ఉంది" అంటారు. నా దగ్గరికి వచ్చే అమ్మలందరూ అదే అంటారు. ఈ మధ్య నొప్పి తగ్గిందని కూడా అంటారు. నడవడం మానేశారు కాబట్టి తగ్గింది! గుడికి వెళ్ళడం మానేసి, పక్కింటికి వెళ్ళడం మానేసి, నీళ్ళు తక్కువ తాగి బాత్‌రూమ్‌కు వెళ్ళే అవసరం కూడా తగ్గించుకుని, నొప్పి అదుపులో ఉందనుకుంటారు. ఉద్దానంలో ఉంటూ నీళ్ళు తాగడం తగ్గించడం కిడ్నీలకు ఇంకా చేటు.

అందుకని మీరు ఒక వారం వెళ్ళి ఊళ్ళో ఉండండి. గోడ క్యాలెండర్‌లో రోజూ ఇవి రాయండి: రాత్రి నొప్పితో ఎన్నిసార్లు లేచారు, పగలు ఎక్కడిదాకా నడిచారు, మాత్ర వేసుకున్నారా, గడప దాటేటప్పుడో అరుగు దిగేటప్పుడో మోకాలు పట్టు తప్పిందా. తర్వాత ప్రతి నెలా ఒక వారం అలాగే రాయించండి. ఆ క్యాలెండర్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళితే ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతుంది.

ఇంకొక పరీక్ష మీరే చేయొచ్చు. అమ్మగారిని గట్టి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు చాపమనండి. ఎడమ మోకాలి వెనక భాగం మంచానికి ఆనుతోందా, లేక కింద మీ అరచెయ్యి దూరేంత సందు ఉందా చూడండి. సందు ఉంటే, నొక్కినా తగ్గకపోతే, కాలు వంకరగానే బిగుసుకుపోతోందని అర్థం. ఇది నెలనెలా పెరుగుతుంటే ఇక ఆలస్యం చేయకూడదు. ఎందుకంటే అలా బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ కష్టం, తర్వాత కాలు పూర్తిగా చాపడమూ కష్టం. తొడ కండ కూడా కరిగిపోయి ఉంటుంది. "నొప్పి భరించలేనప్పుడు చూద్దాం" అని మంచం పట్టేదాకా ఆగినవాళ్ళు లేచి నడవడానికి పడే అవస్థ నేను రోజూ చూస్తాను. ఫిజియోథెరపిస్టుగా నా పనంతా ఆపరేషన్‌కు ముందు, తర్వాత మోకాళ్ళతోనే. ముందు బాగా నడిచిన మనిషే తర్వాత కూడా బాగా నడుస్తుంది.

మరీ తొందరపడినా నష్టమే. అరుగుదల తక్కువగా ఉండగానే చేయించుకున్నవాళ్ళలో అసంతృప్తి ఎక్కువ. మొత్తంమీద కూడా ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో ఐదుగురిలో ఒకరి దాకా "అనుకున్నంత బాగా లేదు" అనేవాళ్ళు ఉంటారని అధ్యయనాలు చెబుతున్నాయి. మీ పెద్దమ్మగారు ఆ కోవలోకి వస్తారేమో. ఆవిడకు నొప్పి ఎందుకు పోలేదో తెలుసుకోవడం మీ అమ్మగారికీ పనికొస్తుంది: కాలు వంచే కసరత్తు మధ్యలో మానేశారా, నొప్పి నడుము నుంచి వస్తోందా, కీలులో ఇన్‌ఫెక్షన్ ఉందా, అతికించినది వదులైందా. ఏళ్ళు గడిచినా సరే ఒకసారి చూపించుకోమనండి. చెప్పడానికి సంకోచించకండి, ఆవిడకూ మేలే.

ఇప్పటి నుంచి పెళ్ళిదాకా ఉన్న నెలల్ని ఇలా వాడుకోండి. ముఖ్యమైనది తొడ ముందు కండను బలపరచడం. మంచం మీద పడుకోబెట్టి మోకాలి కింద మడత పెట్టిన తువ్వాలు ఉంచండి. మీ నాలుగు వేళ్ళు ఆవిడ చిప్పకు కాస్త పైన, తొడ లోపలి వైపు ఆనించి, మోకాలితో తువ్వాలును కిందికి నొక్కమనండి. మీ వేళ్ళ కింద కండ గట్టిపడాలి. మొదటి రోజుల్లో మెత్తగా, వణుకుతూ తగులుతుంది. ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా అలా నొక్కి ఉంచి వదలాలి, ఊపిరి బిగబట్టకుండా. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. అది అలవాటయ్యాక రెండో కాలు మడిచి, ఈ కాలును చాపి జానెడు ఎత్తు లేపి ఆపడం. తర్వాత ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. క్రమం తప్పకుండా చేస్తే రెండు మూడు నెలల్లో చాలామందికి తేడా తెలుస్తుంది. కొందరికి ఆపరేషన్ ఏళ్ళ తరబడి వెనక్కి జరుగుతుంది. జరగకపోయినా ఆ కండ ఆపరేషన్ తర్వాత అక్కరకొస్తుంది. కాబట్టి ఈ శ్రమ ఎటూ వృథా పోదు.

కింద కూర్చోవడం పూర్తిగా మాన్పించండి. జీడిపప్పు పని ఇంకా చేస్తుంటే బల్ల మీద, కుర్చీలో కూర్చుని చేసే వీలుంటేనే. బాత్‌రూమ్‌లో కమోడ్ పెట్టించండి. కుదరకపోతే కుర్చీలా ఉండే కమోడ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. పక్కన గోడకు పట్టుకునే కడ్డీ తప్పనిసరి. చేతికర్ర కుడి చేతిలో పట్టుకోవాలి, నొప్పి ఎడమ కాలిది కాబట్టి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుని భారమంతా దాని మీదే వేస్తారు. బరువు ఎక్కువగా ఉంటే కొద్దిగా తగ్గినా ఫలితం కనిపిస్తుంది. కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల దాకా భారం తగ్గుతుంది.

గుజ్జు పెంచే ఇంజెక్షన్లు, గుజ్జు పొడులు, దుర్బీను గొట్టంతో (ఆర్థ్రోస్కోపీ) మోకాలు కడగడం... వీటి మీద డబ్బు పెట్టొద్దు. అరిగిన మృదులాస్థిని మళ్ళీ మొలిపించే మందు ఇప్పటికి లేదు. ఎవరో ఇచ్చే పేరులేని చూర్ణాలైతే అసలే వద్దు, వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఉంది.

పెళ్ళి సంగతికి వస్తే, ఆపరేషన్ అయ్యాక మనిషి కర్ర సాయంతో ఇంట్లో తిరగడానికి కొన్ని వారాలు, హాయిగా బయట తిరగడానికి మూడు నెలల దాకా, వాపు పూర్తిగా తగ్గడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. అందులో మొదటి మూడు వారాలు నిజంగా కష్టం. రాత్రి నిద్ర పట్టదు, మోకాలు వంచమంటే ఏడుపొస్తుంది. కొడుకు పెళ్ళి పనుల మధ్య ఆ మూడు వారాలు వస్తే ఆవిడ కసరత్తు వదిలేసి అతిథుల్ని చూసుకుంటుంది. బిగుసుకుపోయిన మోకాలు మిగులుతుంది. పెళ్ళిలో ఆవిడకు కుర్చీ వేయించండి, కింద కూర్చోలేరని పురోహితుడికి ముందే చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు. ఎండాకాలమైతే కుట్లు చీము పడతాయని ఎవరైనా అంటే, ఆ ఒక్క మాట మీదే ఆగిపోకండి. మూడు వారాలు పక్కన ఉండి బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళడానికి, కసరత్తు చేయించడానికి మనిషి దొరికే కాలమే సరైన కాలం. మీరా, తమ్ముడా, కొత్త కోడలి మీద పడేస్తున్నారా? ఇది ఇప్పుడే మాట్లాడుకోండి. కొత్తగా వచ్చిన పిల్ల మీద మొత్తం భారం వేయడం న్యాయం కాదు.

రెండూ ఒకేసారి ఎందుకు వద్దన్నానంటే, ఒకే మత్తులో పని అయిపోతుంది, ఖర్చు కొంత కలిసొస్తుంది, నిజమే. కానీ రక్తం ఎక్కువ పోతుంది, గుండె మీద, ఊపిరితిత్తుల మీద ఒత్తిడి ఎక్కువ. షుగరు ఉండి, కిడ్నీల సంగతి ఇంకా తెలియని మనిషికి ఆ సాహసం ఎందుకు? పైగా ఒక కాలు బాగుపడితే రెండో దానికి ఊరట దొరికి, దాని ఆపరేషన్ ఎన్నాళ్ళో ఆగొచ్చు.

భయం గురించి అమ్మగారికి మీరే నిదానంగా చెప్పండి. మోకాలు మొత్తం కోసి తీసేయరు. తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పై కొసనూ అరిగిన భాగాన్ని కొన్ని మిల్లీమీటర్ల మందాన తీసి లోహపు తొడుగు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. చిప్ప ఆవిడదే ఉంటుంది. మామూలుగా ఆపరేషన్ రోజో, మర్నాడో నిలబెట్టి నడిపిస్తారు. నడుముకు ఇచ్చే మత్తు సూది వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందన్నది నిజం కాదు. విదేశాల్లో ఏళ్ళ తరబడి నమోదైన లెక్కల్ని 2019లో కలిపి చూస్తే, పూర్తిగా మార్చిన మోకాళ్ళలో 82 శాతం దాకా పాతికేళ్ళకు కూడా మళ్ళీ ఆపరేషన్ లేకుండా ఉన్నాయి. కొన్ని మాత్రం ముందే ఒప్పుకోవాలి: నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం ఇక వద్దనే అంటారు, మోకాలి మీద ఆనడం ఇబ్బంది, కోత పక్కన కొంత చోట తిమ్మిరి ఉండిపోవచ్చు. ఇవన్నీ విన్నాక కూడా ఆవిడ వద్దంటే ఆగండి. కసరత్తు చేయాల్సింది ఆవిడ. బలవంతంగా ఒప్పించి చేయించిన మోకాలు సరిగా వంగదు.

ఆపరేషన్ నిర్ణయం అయ్యాక మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) ఏడున్నర దగ్గరికో, కనీసం ఎనిమిదిలోపుకో దిగాలి. రక్తం తక్కువగా ఉంటే ముందే సరిచేయాలి. పుచ్చు పళ్ళు, మూత్రంలో మంట, మడమల పగుళ్ళు, వేళ్ళ సందుల్లో ఒరుపు నయం చేయించాలి. వీటిలో ఏ ఒక్కదాని నుంచైనా సూక్ష్మక్రిములు కొత్త కీలులోకి చేరొచ్చు. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు కాబట్టి మడమలు ప్రత్యేకంగా చూడండి.

డబ్బు విషయంలో మోసపోకండి. కీలు పరికరాల ధరకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టిన ధర 54,720 రూపాయలు, పన్ను అదనం. తర్వాత సవరణలు ఉంటాయి కాబట్టి ఇప్పటి ధర అడగండి. బిల్లులో పరికరం ధర, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు విడిగా రాయాలి, ఆ కాగితం జాగ్రత్తగా దాచండి. రోబోతో చేస్తాం అని ఎక్కువ అడిగితే, దానివల్ల ఏళ్ళ తర్వాత మనిషికి మేలు ఎక్కువని ఇంకా గట్టిగా రుజువు కాలేదని గుర్తుంచుకోండి. చేసే చెయ్యి ముఖ్యం. ఏడాదికి ఎన్ని చేస్తారు, తర్వాత ఫిజియోథెరపీ ఎక్కడ అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే, ఆసుపత్రిలోని ఆ కౌంటర్‌లో మీ కేసుకు వర్తిస్తుందా, పై నుంచి ఏమైనా కట్టాలా అని చేరడానికి ముందే తేల్చుకోండి. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో, విశాఖ కేజీహెచ్‌లో కూడా ఆర్థో విభాగాలున్నాయి. ఒకసారి అక్కడా చూపించండి, మూడో అభిప్రాయం వస్తుంది.

ఇంటికి వచ్చాక జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్కలో వాపుతో నొప్పి, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గరికి కాదు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్ళాలి.

క్రియాటినిన్ ఎంత వచ్చిందో, అరచెయ్యి దూరే సందు ఉందో లేదో నాకు రాయండి. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే పైన చెప్పిన తేదీల లెక్క మారుతుంది, కిడ్నీ డాక్టరు సరే అన్నాకే మోకాలి సంగతి.